దస్తీ వేసిన కుర్చీ

మెయిల్ వాళ్లే రాసి పెట్టారు, నేను చేయాల్సిందల్లా ఒక్క మీట నొక్కడం. నా పేరు, నా హోదా, కింద రెండు వాక్యాలు: వ్యక్తిగత కారణాల వల్ల నేను స్వచ్ఛందంగా ఈ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను, ఇన్నేళ్లు నాకు అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. నా కృతజ్ఞత కూడా నా తరఫున వాళ్లే చెప్పేశారు, ఎంత ఓపికో పాపం. హెచ్.ఆర్. కుర్రాడు హేమంత్ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, "ఒక గంట టైం తీసుకోండి రజిత గారు, తొందరేం లేదండి, ప్రశాంతంగా ఆలోచించుకోండి" అన్నాడు. సంతకం పెట్టే చోట ప్రశాంతత ఎక్కడిదో అతనికే తెలియాలి. రాస్తే కొన్ని నెలల జీతం చేతిలో పెట్టి మంచి మాట రాసి పంపిస్తారట, రాయకపోతే కంపెనీయే తీసేయాల్సి వస్తుందట, అప్పుడు ఇంకోచోట ఉద్యోగం దొరకడం కష్టమట. మేనేజరు గిరీష్ పక్కనే కూర్చుని ఇదంతా విని, లేచేటప్పుడు నా భుజం దాకా చెయ్యి తెచ్చి వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు మా చెల్లెలి మాదిరి రజితా, నీ మంచికే చెప్తాండా" అన్నాడు. చెల్లెళ్లను ఇలాగే సాగనంపుతారేమో వాళ్ల కడప వైపు. ఇద్దరూ వెళ్లారు, తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. అద్దాల గోడ అవతల నా టీం పిల్లలు తలలు వంచుకుని పనిచేస్తున్నారు. అంత శ్రద్ధగా వాళ్లు పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు, అంటే అందరికీ తెలుసన్నమాట.

ఈ గది పేరు బాల్కనీ. నవ్వొస్తుంది. ఈ ఆఫీసు మాదాపూర్‌లో ఈ కొత్త బిల్డింగుకు మారినప్పుడు, గోడల అందం చూసుకునే వాళ్లెవరో వచ్చి, హైదరాబాదు జ్ఞాపకాలని చెప్పి గదులన్నిటికీ సినిమా హాలు పేర్లు పెట్టి వెళ్లారు. క్యాంటీన్ ఇంటర్వెల్. ఒక్కడు నిలబడి ఫోన్ మాట్లాడుకునే డబ్బా నేల టికెట్. పెద్ద మీటింగ్ గది ఫస్ట్ షో. కింద లాబీలో గాజు పెట్టెలో పాత ప్రొజెక్టర్ ఒకటి ఉంటుంది, కొత్తగా చేరిన పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. ఎక్కడో ఏదో హాలు పడగొడితే పాత సామాన్లవాడి దగ్గర కొన్నారట. దాని కడుపులో ఇప్పుడొక రంగుల బల్బు పెట్టారు. ఇక ఈ గదిలో మూడు కుర్చీలు, ఒక గుండ్రటి బల్ల, గోడకు ఫ్రేములో ఒక సినిమా టికెట్. గులాబి రంగు, గట్టిగా పట్టుకుంటే చిరిగిపోయేంత పల్చటి కాగితం, పక్కన హాలు ముద్ర వెలిసిపోయి ఉంది. దాన్ని ఇన్నాళ్లూ ఎన్నోసార్లు చూశాను కానీ ఇవాళ చూస్తుంటే ఒళ్లు మండుతోంది. అది చింపని టికెట్. అంటే దాంతో ఎవ్వరూ సినిమా చూడలేదు. గేటు దగ్గర ఎవరి చేతిలోనూ పడకుండా, ఎవరి చెమటా అంటకుండా నేరుగా ఫ్రేములోకి వచ్చింది. మా అమ్మ చేతికి చిక్కి ఉంటే ఇలా గోడెక్కి కూర్చునేదా, సగం చింపి డబ్బాలో పారేసి మిగతా సగం చేతిలో పెట్టి, నడువు నడువు లోపలికి నడువు అనేది.

మా అమ్మ అంజమ్మ మూసాపేటలో శ్రీ రేణుకా టాకీసులో లేడీస్ గేటు దగ్గర టికెట్లు చింపేది. నాన్న పోచయ్య జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఒంటి నిండా మందు వాసనతో వచ్చేవాడు. సెకండ్ షోకు వస్తే టైటిళ్లు పడుతుండగానే నిద్రపోయి, శుభం పడ్డాక లేచి, సినిమా బాగుందనేవాడు. నేను పుట్టి పెరిగింది ఆ హాలు వెనక సందులో, కాబట్టి నాకు ముందు సినిమాల మాటలు వచ్చాయి, తర్వాత బొమ్మలు. గోడ అవతలి నుంచి రోజూ వినబడే ఏడుపులు, కొట్లాటలు, గుర్రాల చప్పుళ్లు, ఇవన్నీ మా ఇంట్లో సామాన్లతో పాటు ఉండేవి. తెర లేవడానికి ముందు కప్పు మీద లౌడ్‌స్పీకర్‌లో దేవుడి పాట వేసేవారు. ఎన్నేళ్లైనా అదే పాట, రికార్డు మీద గీత పడి ఒకచోట దేవుడి పేరు రెండుసార్లు పలికేది. ఆ పాట మొదలైందంటే బస్తీలో ఆడవాళ్లు పొయ్యి మీద కూర దించేవారు. మొదటి చరణంలో ఉంటే జడ వేసుకునే టైముంది, రెండో చరణంలోకి వచ్చిందంటే జడ దారిలో వేసుకోవాలి, గీత పడ్డ చోటుకు వచ్చిందంటే ఇక పరుగే. ఎవరి ఇంట్లోనూ గడియారం చూసి సినిమాకు బయల్దేరినట్టు నాకు గుర్తులేదు. లేడీస్ లైను రెండు గోడల మధ్య ఇనుప గొట్టాలు బిగించిన ఇరుకు సందు, అందులో దూరితే ముందుకు పోవడమే కానీ వెనక్కి రావడం లేదు. బయట నుంచి మగవాళ్లు గొట్టాల మధ్య చేతులు పెట్టి, అక్కా రెండు, వదినా మూడు అని ముక్కూ మొహం తెలియని వాళ్లను బతిమాలేవారు. లేడీస్ కౌంటర్ ముందు తెరుస్తారు కదా మరి. బయట ఎంత మీసం తిప్పినవాడైనా ఆ గొట్టాల దగ్గర మా ఆడవాళ్ల దయ మీద బతకాల్సిందే. ఆ లైనులో నాకు ఊపిరాడేది కాదు, అయినా నా జీవితంలో అంత దర్జాగా నేనింకెక్కడా నిలబడలేదు.

స్క్రీన్ ఆరిపోయింది. వేలు తగిలిస్తే మళ్లీ వెలిగింది, స్వచ్ఛందంగా అన్న మాట మళ్లీ కళ్లకెదురుగా వచ్చి నిలబడింది. పదిహేనేళ్లుగా నా పని తప్పులు పట్టడం, ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో ఎక్కడ ఏది విరుగుతుందో విరగ్గొట్టి చూపించడం. ఇప్పుడా పని ఒక కొత్త మెషిన్ చేస్తుందట, చేయనివ్వండి, నాకు దాని మీద పగేం లేదు. ఈ వాక్యంలో తప్పు మాత్రం నేనే పట్టాను. వ్యక్తిగత కారణాలట. నా వ్యక్తిగత కారణాలు మియాపూర్‌లో ఫ్లాటులో ఉన్నాయి, ఒక కారణం ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, ఇంకో కారణానికి డెబ్భై దాటాయి, ఇంట్లో ఆడవాళ్లం ముగ్గురం ఉంటే సంపాదించేది నేనొక్కదాన్నే. ఆ కారణాలన్నీ నన్ను పొమ్మనడం లేదు, ఉండమంటున్నాయి. మరి భయం లేదా అంటే ఉంది. పొద్దున ఈ గదిలోకి రమ్మని మెసేజ్ వచ్చినప్పుడు చేతులు చల్లబడ్డాయి, ఇప్పటికీ పూర్తిగా వెచ్చబడలేదు. నొక్కేస్తే అయిపోతుంది, సాయంత్రానికి ఇంట్లో ఉంటాను, అందరూ నా గురించి మంచిగానే మాట్లాడుకుంటారు. రజిత చాలా హుందాగా వెళ్లిపోయిందంటారు. హుందా అంట. ఎదుటివాడికి ఇబ్బంది లేకుండా మనం లేచిపోతే దానికి పెట్టిన పేరది.

మా బెంచీ క్లాసులో ఎవ్వరూ అంత హుందాగా లేచేవాళ్లు కాదు. బెంచీలకు నంబర్లు లేవు, నంబరుకు బదులు దస్తీ, అదే చేతిరుమాలు. పిల్లకు దాహమైందనో, బయట మొగుడికి టికెట్ ఇచ్చిరావాలనో పోయే మనిషి తన చోట దస్తీ వేసిపోతుంది, అంతే, తిరిగొచ్చేదాకా ఆ చోటు ఆమెది. దస్తీ లేకపోతే టవలు, టవలు లేకపోతే పిల్లగాని చొక్కా, పాలసీసా, కొంగు చింపిన పీలిక, ఏదైనా చెల్లుతుంది. చెప్పు మాత్రం చెల్లదు, కూసునే తాన చెప్పేందే అనేది అమ్మ. ఈ చట్టం ఎక్కడా రాసిలేదు, పోలీసులకు తెలియదు, కానీ ఆ చీకట్లో దాన్ని తప్పినవాళ్లు లేరు. ఒక్కసారి తప్పారు. కొత్త సినిమా, మొదటి రోజు, మ్యాట్నీ. హాలు సేటు గారి మరదలు పట్టుచీరలో చుట్టాలను వెంటేసుకుని వచ్చింది. బాల్కనీ నిండిపోయిందని లేడీస్ బెంచీల్లో సర్దుకుందామనుకుంది, నడి బెంచీలో ఖాళీ కనబడితే కూర్చుంది. అక్కడొక చిరుగు లంగా ముక్క పరిచి ఉంది. దాన్ని పక్కకు తోసి కూర్చుంది. అది ఇళ్లు కట్టే చోట తట్టలు మోసే మనిషిది, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కూలి మనిషి. చంటిదాన్ని తిప్పడానికి బయటికి పోయి వచ్చి చూసి, నడవాలో నిలబడింది. అమ్మ టార్చి వేసుకుంటూ వచ్చింది. ముందు ఆ మనిషి మొహం మీద వేసింది, తర్వాత కిందపడ్డ లంగా ముక్క మీద వేసింది, తర్వాత పట్టుచీర మీద వేసి అలాగే ఉంచింది. "జర లెవ్వుండ్రి అమ్మా, గాడ దస్తీ ఉన్నది" అంది. "నేనెవరో తెలుసా" అంది ఆవిడ. "తెలుసు. గందుకే జర లెవ్వుండ్రి అంటున్న. వేరేటోళ్లయితే లెవ్వు అంటుండె" అంది అమ్మ. టార్చి కదల్లేదు. ముందు పక్క బెంచీ నవ్వింది, తర్వాత హాలంతా ఈల వేసింది, తెర మీద హీరో అప్పుడే వచ్చాడు కానీ ఆ ఈల హీరోకు కాదు. ఆవిడ లేచింది. మర్నాడు సేటు పిలిచి గట్టిగా అడిగితే, దస్తీకి ఇజ్జత్ లేకుంటే గేటుకాడ నేనెందుకు సేటూ, తలుపొక్కటి సాలదా అందట. సేటు మంచివాడో, లేక ఆ మరదలంటే ఆయనకూ పడదో, మరేమీ అనలేదు.

ఫోన్ మోగింది. అమ్మే. తలుచుకుంటే వస్తుందని కాదు, ఆమె ఈ వేళకు రోజూ చేస్తుంది. "ఏం జేస్తున్నవ్ రా?" అంది. పనిలో ఉన్నానన్నాను. "పనిల ఉంటే గింత సప్పుడు లేకుంట ఉన్నదేంది?" చెవులు మాత్రం ఇంకా పాడవలేదు ఆమెకు, ఎన్నేళ్లు హాలు చప్పుడులో బతికినా. మీటింగ్ గదిలో ఒక్కదాన్నే ఉన్నానన్నాను. "తిన్నవా?" తినలేదన్నాను. "ముందుగాల తిను, పని యాడికి పోతది. నీ బిడ్డ కాలేజీల పరీక్ష మంచిగ రాసిందట, ఫోన్ జేసింది. వచ్చేటప్పుడు మెంతికూర తే." సరేనన్నాను. చెప్పాలని గొంతు దాకా వచ్చింది, చెప్పలేదు. దాచాలని కాదు, ఆమె ఏమంటుందో నాకు తెలుసు. ఇది ఆమె చెప్పగా నేను చేసే పని కాకూడదు, అదొక్కటే నాకు పట్టుదల. ఫోన్ పెట్టేముందు ఆమె కూర్చున్న స్టూలు కిర్రుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు, అది లేడీస్ గేటు స్టూలు, మా వంటింట్లో ఇప్పటికీ దాని మీద కూర్చునే కూరలు తరుగుతుంది. కోడలు లేని ఇంట్లో అది ఆమె గద్దె.

ఆ హాలు ఏమైందని నన్ను ఎవరూ అడగరు, అడిగితే రోజూ చూస్తున్నానని చెబుతాను. మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి మాదాపూర్ వస్తాను కదా, మూసాపేట దాటేటప్పుడు పైనుంచి శ్రీ రేణుకా కప్పు కనబడుతుంది. మేము కింద నుంచి, లోపలి నుంచి చూసిన వాళ్లమే కానీ దాని నెత్తి ఎలా ఉంటుందో అప్పట్లో ఎవరికీ తెలియదు. తుప్పుపట్టిన రేకులు, వాటి మీద ఇటుకలు, ఒక మూల ఇప్పటికీ ఆ లౌడ్‌స్పీకర్ మూతి ఆకాశం వైపు తిరిగి ఉంది. ముందు పరుపుల గోడౌన్ చేశారు, సినిమా కాకపోయినా నిద్రకు పనికొచ్చింది, నాన్న ఉంటే మెచ్చుకునేవాడు. తర్వాత ఫంక్షన్ హాలు చేశారు, ఒకసారి ఎవరిదో పెళ్లికి పోతే తెర ఉన్న చోట పెళ్లికూతురును కూర్చోబెట్టారు, బెంచీలున్న చోట నేను బగారన్నం తిన్నాను. ఇప్పుడు ఫోన్లో కొన్న సామాన్లు ఇళ్లకు పంపేవాళ్లు పెట్టెలు పేర్చుకుంటున్నారు. ఆ చుట్టుపక్కలే ఇంకో హాలును పడగొట్టి మాల్ కట్టారు, పైన ఎక్కడో ఐదు తెరలున్నాయి. మరొక దానిలో సాఫ్ట్‌వేర్ ఆడపిల్లల హాస్టల్, చెక్క గోడలు పెట్టి గదులు చేశారు, మా టీంలో పిల్ల ఒకతి అందులోనే ఉంటుంది. తన మంచం ప్రొజెక్టర్ గదిలో ఉందని నేను చెబితే తప్ప దానికి తెలియదు, తెలిశాక రెండు రోజులు సరిగా నిద్రపోలేదంది. ఇంకొక దాన్ని అన్నదమ్ములు కోర్టులో పెట్టుకున్నారు, గోడలోంచి రావి మొక్క లేచి పోస్టరు అంటించే చోటును ఆక్రమించింది. ఇవన్నీ తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునే రకం కాదు నేను. ఆ హాల్లో నల్లులుండేవి, వానాకాలం తెర కింద నీళ్లు నిలిచేవి, బాత్రూం కంపుకు ఇంటర్వెల్‌లో ఎవరూ లేచేవారు కాదు. అదేం గుడి కాదు. కాలం మారింది, పోయింది, సరే. కానీ మూసేసినప్పుడు గేటుకు బోర్డు కట్టారు చూడండి, ప్రేక్షకుల ఆదరణ లేనందున అని, అదీ నా కోపం. ఆదరణ లేదట. ఆ ముందు ఆదివారం లేడీస్ లైనులో నా జడ గొట్టానికి చిక్కుకుని సగం ఊడింది, అంత జనం. స్థలానికి మంచి బేరం వచ్చింది, అమ్ముకున్నాం అని రాస్తే మేమేమైనా కొట్టేవాళ్లమా? తాము చేసిన పనిని మేమే చేశామని మా గేటుకే బోర్డు కట్టారు, మీరే రావడం మానేశారని మాకే చెప్పారు.

హేమంత్ తలుపు కాస్త తెరిచి, "వాటర్ ఏమైనా పంపించమంటారా అండి?" అన్నాడు. వద్దన్నాను. మొహం చూస్తే జాలేసింది, కుర్రాడికి ఇది ఇవాళ ఎన్నో గదో. చెడ్డవాడు కాదు. ఈ ఆఫీసులో నా దస్తీ గొడవప్పుడు నవ్వనివాడు ఇతనొక్కడే. లాక్‌డౌన్ తర్వాత ఆఫీసులో ఎవరి కుర్చీ వాళ్లది కాదన్నారు, రోజూ పొద్దున ఫోన్లో బుక్ చేసుకుని దొరికిన చోట కూర్చోవాలన్నారు. మొదటి రోజు కిటికీ పక్కన మంచి సీటు చూసుకుని, చాయ్‌కి వెళ్తూ ఏ ఆలోచనా లేకుండా దస్తీ వేసి వెళ్లాను. చెయ్యి దానంతటదే చేసింది. తిరిగొస్తే ఎవరో పిల్లవాడు కూర్చుని ఉన్నాడు, గిరీష్ నా దస్తీని పెన్ను కొసతో ఎత్తి పట్టుకుని, ఈ గుడ్డ ఎవరిదప్పా అని ఫ్లోరంతా తిప్పుతున్నాడు. తర్వాత దాని ఫొటో అందరికీ మెయిల్లో కూడా వచ్చింది, పోగొట్టుకున్న వస్తువు అని. నాదే, పోగొట్టుకోలేదు, వేశాను అని అందరికీ కనబడేలా జవాబు రాశాను. చాలా రోజులు నన్ను వెనక దస్తీ మేడం అన్నారు. ఆ సాయంత్రం ఇతనే దాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చి ఇచ్చి, మా తణుకులో బస్సు కిటికీలోంచి వేసేవాళ్లమండి, వేస్తే ఎంత పెద్దవాడైనా కూర్చోడండి అన్నాడు. ఇవాళ ఆ తణుకు కుర్రాడితోనే నన్ను లేపిస్తున్నారు.

లేపడం అనే మాట వాళ్లు వాడరు, అదే కదా అసలు కిటుకు. రేణుకా మూసేసినప్పుడు హాలు మేనేజరు పనివాళ్లందరినీ టికెట్ల గదిలోకి పిలిచి, మా ఇష్టంతో పని మానుకుంటున్నామని వేలిముద్రలు వేయమన్నాడు. ఆపరేటరు వేశాడు, క్యాంటీన్ వాళ్లు వేశారు, సైకిల్ స్టాండ్ అతను వేశాడు, ఏం చేస్తారు పాపం. అమ్మ వేయలేదు. "నేను పోతా అన్ననా? నువ్వు పొమ్మంటున్నవ్. గదే మాట నీ నోటితోటి చెప్పు, ఇప్పుడే పోత" అంది. ఆయన చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు, అంత చిన్న మాట, ఇప్పుడు ఈ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే అర్థమవుతోంది. మర్నాడు అమ్మ మామూలు చీరలో, మామూలు టైముకు పోయి, తాళం వేసిన లేడీస్ గేటు ముందు స్టూలేసుకుని కూర్చుంది. ఆ మర్నాడూ పోయింది. సినిమా లేదు, పాట లేదు, జనం లేరు, అమ్మ ఉంది. నేను డిగ్రీ కాలేజీ నుంచి వస్తూ అన్నం డబ్బా తీసుకుపోయేదాన్ని, ఇద్దరం ఆ ఇనుప గొట్టాలకు ఆనుకుని తినేవాళ్లం. దారిన పోయే ఆడవాళ్లు ఏం సినిమా అంజమ్మా అని అడిగితే, నాదే, నడుస్తున్నది అనేది. పరుపుల లారీ వచ్చిన రోజు గేటు తీయాలంటే ఆమె లేవాలి. లారీ వాళ్లు హారన్ కొట్టారు, మేనేజరు వచ్చాడు, బస్తీ సగం వచ్చింది. చివరికి ఆయన అందరి ముందూ, "అంజమ్మా, నిన్ను మేమే తీసేసినం. నీ తప్పేం లేదు. నువ్వైతే పోలే" అన్నాడు. గొంతు సరిగా రాలేదు, అమ్మ మళ్లీ చెప్పమంది, మళ్లీ చెప్పాడు. అప్పుడు లేచింది. గీ స్టూలు నేను తీస్కపోతున్న అని నెత్తిన పెట్టుకుంది. ఆమె ముందు, డబ్బా పట్టుకుని నేను వెనక, బస్తీ మధ్యలోంచి నడిచి ఇంటికొచ్చాం. ఏం ఒరిగిందే నీకు అన్నాడు నాన్న. "నేనే పోయిన్నని రేపెవ్వడన్న అంటడా? అనలేడు" అంది, పొయ్యి వెలిగించుకుంది. అంతకు మించి ఆమెకు నిజంగా ఏమీ ఒరగలేదు, ఆ నెల చాలా కష్టంగా గడిచింది. కానీ ఆ తర్వాత ఆమె ఎప్పుడూ ఆ రోడ్డు మీద తల దించుకుని నడవలేదు, నేనూ నడవలేదు.

మళ్లీ స్క్రీన్ ఆరింది. ఈసారి వెలిగించలేదు. ల్యాప్‌టాప్ మూసి బల్ల అవతలి వైపుకు తోశాను. చేతులు వెచ్చబడ్డాయో లేదో చూసుకోవడం మర్చిపోయాను. తలుపు తెరుచుకుంది, గిరీష్ ముందు వచ్చి కూర్చున్నాడు, హేమంత్ తర్వాత.

"అయిపోయిందా రజితా?" అన్నాడు గిరీష్.

"కాలేదు. నేను పంపలేదు, పంపను."

"అట్లంటే ఎట్లమ్మా. అందరూ రాసిచ్చినారు. నువ్వొక్కదానివే పట్టుకుంటే ఏమొస్తాది చెప్పు."

హేమంత్ ల్యాప్‌టాప్ వైపు చూస్తూ మాట్లాడాడు. "రాయకపోతే కంపెనీనే టెర్మినేట్ చేయాల్సి వస్తుందండి. అది రికార్డులో ఉండిపోతుంది. మీకే ఇబ్బంది."

"ఉండనియ్యుండ్రి" అన్నాను. ఈ ఆఫీసులో ఇన్నేళ్లు ఇస్త్రీ చేసి మాట్లాడిన నా నోటికి గేటు దగ్గరి మాట ఎప్పుడొచ్చిందో నాకే తెలియలేదు. "నేను పోతలేను. మీరు తీసేస్తుండ్రు. గది మీ నోటితోటి చెప్పుండ్రి, ఎందుకు తీసేస్తుండ్రో మీ పేరు మీద రాసియ్యుండ్రి. అప్పుడు లేస్త."

గిరీష్ హేమంత్‌ను చూశాడు, హేమంత్ గోడ మీద టికెట్‌ను చూశాడు. ఎంత చిన్న మాట, మేమే తీసేస్తున్నాం. ఇద్దరు పెద్ద చదువులు చదివినవాళ్లు, ఒక్కరి నోటికీ రాలేదు. "అది నేను చెప్పలేనండి" అన్నాడు హేమంత్ చివరికి. "లీగల్ మేడంను పిలవాలండి, ఆవిడ వచ్చి మాట్లాడతారు."

"పిలువుండ్రి. అందాక చాయ్ తాగొస్త."

నేను లేచేసరికి గిరీష్ మొహం తేలికపడింది, లేస్తే చాలు, లేచిన మనిషి మెత్తబడుతుందని వాళ్ల లెక్క. నేను బ్యాగులోంచి దస్తీ తీశాను, మూలన ఎర్ర పువ్వు కుట్టిన అదే దస్తీ, పెన్ను కొసన ఊరేగింది. మడతలు విప్పి కుర్చీ మీద పరిచి, అంచులు సరిచేసి బయటికి వచ్చాను. నా టీం పిల్లలు ఇప్పుడు తలలెత్తారు. హాస్టల్ పిల్ల అద్దంలోంచి ఆ కుర్చీని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంటర్వెల్ క్యాంటీన్‌లో మెషిన్ చాయ్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద మెట్రో పోతోంది, అవతల ఇంకో టవర్ మీద క్రేన్ ఏదో ఎత్తుతోంది. ఉద్యోగం నిలవదు, నాకు తెలుసు. అమ్మకూ నిలవలేదు. ఇంటికి పోయాక ముగ్గురం కూర్చుని ఏం చేయాలో చూసుకోవాలి, అదంతా ఉంది. తినలేదని గుర్తొచ్చి ఒక సమోసా కూడా తిన్నాను, వేడిగా ఉంది, తొందరపడకుండా తిన్నాను. మెంతికూర మర్చిపోకూడదని ఫోన్లో రాసుకున్నాను.

తిరిగి వచ్చేసరికి బాల్కనీ గదిలో లీగల్ మేడం ఒక కుర్చీలో కూర్చుని ఉంది, ఇంకో కుర్చీలో గిరీష్. మూడో కుర్చీ మీద నా దస్తీ వేసినట్టే ఉంది, అంచు కూడా కదల్లేదు. గిరీష్ దాని వైపు చెయ్యి చూపిస్తూ, కూర్చో హేమంత్, ఎంతసేపు నిలబడతావ్ అంటున్నాడు. హేమంత్ ల్యాప్‌టాప్ గుండెలకు హత్తుకుని, పర్లేదండి అంటూ గోడ పక్కన అలాగే నిలబడి ఉన్నాడు.